విస్కాన్సిన్‌లో ఓటు బరువు

అమెరికా వెళ్లివచ్చిన మనవాళ్లు నయాగరా జలపాతం గురించి రాస్తారు, పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడి గురించి రాస్తారు, న్యూయార్కు మేడల గురించి రాస్తారు. విస్కాన్సిన్ గురించి రాసినవారు మాత్రం నా కంటపడలేదు. చికాగోకు ఉత్తరాన, ఒక పక్క మిషిగన్ సరస్సు, మరో పక్క మిసిసిపీ నది హద్దులుగా ఉన్న రాష్ట్రమిది. జనాభా అరవై లక్షలకు కాస్త తక్కువ. కార్ల నంబరు పలకల మీద ‘అమెరికా పాడిసీమ’ అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మాట నిజమే. ఊరు దాటితే చాలు, ఎర్ర రంగు వేసిన పశువుల కొట్టాలు, వాటి పక్కన మేత నిలవచేసే ఎత్తైన గుండ్రటి కట్టడాలు, నలుపూ తెలుపూ మచ్చల ఆవులు. ఆ రోజు చేసిన చీజ్ ముక్కలు నోట్లో వేసుకుంటే పళ్లకింద కిచకిచమంటాయి. చప్పుడు చేయకపోతే అది తాజాది కాదని అక్కడివారి లెక్క.

2024 సెప్టెంబరు నుంచి నవంబరు నెలాఖరు దాకా నేనూ మా ఆవిడా ఆ రాష్ట్ర రాజధాని మాడిసన్ పక్కన మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. చలి ముదరకముందే వచ్చేయాలన్నదే మా ఆలోచన. నడుమ అధ్యక్ష ఎన్నిక పడింది. టీవీ పెడితే ఒక ప్రకటన ట్రంప్‌ను తిడుతుంది, మరుక్షణం ఇంకొకటి కమలా హారిస్‌ను తిడుతుంది. పోస్టు డబ్బాలో రోజూ ఇద్దరివీ రంగురంగుల కరపత్రాలు. పక్కనున్న ఇలినాయి రాష్ట్రంలో మా బంధువులను అడిగితే తమకు ఒక్కటీ రాలేదన్నారు. అక్కడ ఎవరు గెలుస్తారో అందరికీ ముందే తెలుసు కాబట్టి ఎవరూ డబ్బు ఖర్చు పెట్టరట.

ఈ తేడా ఎందుకో కొంచెం చెప్పాలి. అమెరికా అధ్యక్షుణ్ణి దేశం మొత్తం మీద పడిన ఓట్లు కలిపి ఎన్నుకోరు. ఒక్కొక్క రాష్ట్రానికి ఇన్ని అని ఎలక్టోరల్ ఓట్లుంటాయి. అన్నీ కలిపి 538, గెలవడానికి 270 కావాలి. విస్కాన్సిన్ వాటా 10. రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నా ఆ పదీ వారికే. ఇక విస్కాన్సిన్ లెక్కలు చూడండి. 2000లో గోర్ ఇక్కడ గెలిచింది 5,708 ఓట్ల మెజారిటీతో. 2004లో కెర్రీ 11,384తో. ఒబామా మాత్రం రెండుసార్లూ తేలికగా గెలిచాడు. 2016లో ట్రంప్ 22,748, 2020లో బైడెన్ 20,682, 2024లో మళ్లీ ట్రంప్ 29,397. చివరిసారి పోలైన ఓట్లు 34 లక్షలు. ఏడు ఎన్నికల్లో ఐదు ఒక్క శాతం లోపు తేడాతో తేలాయన్నమాట.

మా బరంపురం వారికి దగ్గరి పోటీ అనగానే 1969 రాష్ట్రపతి ఎన్నిక గుర్తుకొస్తుంది. మా ఊళ్లో పుట్టిన వి.వి.గిరి గారు నీలం సంజీవరెడ్డి గారి మీద రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గాని నెగ్గలేదు. అది ఒకసారి జరిగి చరిత్రలోకి వెళ్లిపోయింది. విస్కాన్సిన్‌లో అది నాలుగేళ్లకోసారి వచ్చే పండగలాంటిది.

ఇంత దగ్గరి పోటీ అంటే జనం ఎటూ తేల్చుకోలేక ఊగిసలాడుతున్నారని నేను అనుకున్నాను. చాలామంది పత్రికల వాళ్లు కూడా అలాగే రాస్తారు. తిరిగి చూస్తే కనిపించింది వేరు.

మాడిసన్‌తోనే మొదలుపెడతాను. మెండోటా, మొనోనా అనే రెండు సరస్సుల నడుమ సన్నటి నేలపట్టీ మీద కట్టిన ఊరది. నడిబొడ్డున తెల్లటి గోపురంతో శాసనసభ భవనం. శనివారం దాని చుట్టూ రైతుల సంత. కొంచెం పడమటగా విశ్వవిద్యాలయం. వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాలపాటు తెలుగు సాహిత్యం పాఠం చెప్పింది ఈ విశ్వవిద్యాలయంలోనే. ఆయన చేసిన ఆచార్య పదవికి కృష్ణదేవరాయల పేరుంది. ఆ సరస్సు ఒడ్డు మెట్ల మీద కూర్చుని, మంచు కురిసే ఈ ఊళ్లో ఎందరు అమెరికా పిల్లలు మన పద్యాల గురించి విన్నారో కదా అనుకుంటే గర్వంగానే ఉంది. అరవయ్యో దశకం చివర కమలా హారిస్ తల్లిదండ్రులు కూడా కొన్నాళ్లు ఇక్కడే పనిచేశారు. అప్పుడామె చిన్నపిల్ల. ఆమె తల్లి శ్యామలా గోపాలన్ తమిళనాటి ఆడపడుచని మన చెన్నై, కోయంబత్తూరు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

మాడిసన్ ఉన్న కౌంటీ పేరు డేన్. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది, రాష్ట్రంలో 72 ఉన్నాయి. డేన్‌లో నూటికి డెబ్బయ్యయిదుగురు డెమోక్రాట్లకు ఓటు వేస్తారు. మా అమ్మాయి వాళ్ల వీధిలో ఇళ్ల ముందు పచ్చికలో గుచ్చిన అట్టలన్నీ హారిస్‌వే. ఒక్కటంటే ఒక్క ఇంటి ముందు ట్రంప్ అట్ట ఉంది. ఆ ఇంటాయన పొద్దున్నే కుక్కను తిప్పుతూ అందరినీ పలకరిస్తాడు, అందరూ ఆయన్ని పలకరిస్తారు, అట్ట మాట ఎవరూ ఎత్తరు.

మాడిసన్ నుంచి వాయవ్యంగా నలభై మైళ్లు వెళితే బారబూ అనే చిన్న ఊరు. అది సాక్ కౌంటీ. దారిలో విస్కాన్సిన్ నది దాటాలి. ఆ వంతెన దాటాక అట్టలు కలిసిపోతాయి. ఒక ఇంటి ముందు ఇటు, పక్క ఇంటి ముందు అటు. రింగ్లింగ్ సోదరులు 1884లో సర్కస్ మొదలుపెట్టింది ఈ బారబూలోనే. ఊరి దగ్గర కొంగల సంరక్షణ కేంద్రం ఒకటి ఉంది. ప్రపంచంలో ఉన్న పదిహేను జాతుల పెద్ద కొంగలూ ఒకేచోట అక్కడ కనిపిస్తాయి. మన దేశపు సారస్ జంట ముందు మా ఆవిడ అరగంట నిలబడిపోయింది.

సాక్ కౌంటీని 2016లో ట్రంప్ 109 ఓట్లతో గెలిచాడు. 2020లో బైడెన్ 615 ఓట్లతో. 2024లో మళ్లీ ట్రంప్, అదీ కొన్ని వందలతోనే. 2021లో రంగస్వామి గారంతటి వారు 655 ఓట్లతో ఓడిపోవడం చూసిన యానాం పాఠకులకు ఈ అంకెల రుచి బాగా తెలుస్తుంది.

అక్టోబరులో అక్కడ గుమ్మడికాయలు అమ్మే ఒక పొలానికి వెళ్లాం. రైతు అరవయ్యేళ్లు దాటిన మనిషి. పెద్ద కొట్టం ఉంది గాని లోపల ఒక్క ఆవూ లేదు. పాల ధర పడిపోయిన రోజుల్లో, 2018లో, మందనంతా అమ్మేశాడట. ఇప్పుడు మొక్కజొన్న, సోయా వేస్తాడు, పండగ నెలలో గుమ్మడికాయలు అమ్ముతాడు. మేము ఇండియా నుంచి వచ్చామని తెలిసి మీ ఊళ్లో ఒక్కొక్క ఇంట్లో ఎన్ని ఆవులుంటాయని అడిగాడు. రెండో మూడో ఉంటాయని, పాలు పోయించుకునే సంఘం ఉంటుందని చెబితే శ్రద్ధగా విన్నాడు. ఒబామాకు రెండుసార్లు, ట్రంప్‌కు రెండుసార్లు వేశానని దాపరికం లేకుండా చెప్పాడు. ఎందుకన్నదానికి ఆయన పెద్ద సిద్ధాంతమేమీ చెప్పలేదు. కొట్టం వైపు చెయ్యి చూపించాడు.

ఆయన ఒక్కడిదే కాదు ఈ కథ. 2004 ప్రాంతంలో ఈ రాష్ట్రంలో పాడి మందలు పదిహేను వేలకు పైన ఉండేవి. 2024 నాటికి ఆరు వేల లోపుకు వచ్చాయి. పాలు మాత్రం తగ్గలేదు, పెద్ద మందల వారి చేతికి పోయాయి. 2012లో ఒబామాకు వేసి 2016లో ట్రంప్‌కు మారిన కౌంటీలు విస్కాన్సిన్‌లో 23. వాటిలో చాలా భాగం ఇలాంటి పల్లె కౌంటీలే, ముఖ్యంగా నైరుతి మూలనున్న కొండల సీమలో. ఒకప్పటి మంచు యుగంలో హిమానీనదాలు తొక్కని నేల కనుక అక్కడ కొండలూ లోయలూ మిగిలిపోయాయి. తక్కిన రాష్ట్రమంతా దాదాపు చదునే. ఆ ఇరవై మూడింటిలో 2020లో బైడెన్ తిరిగి రాబట్టుకున్నది రెండే, సాక్, డోర్.

ఇక తూర్పు వైపు. మాడిసన్ నుంచి మిల్వాకీకి ఎనభై మైళ్లు. మిల్వాకీ చేరేలోపే వాకెషా కౌంటీ వస్తుంది. పెద్ద పెద్ద ఇళ్లు, కత్తిరించిన పచ్చిక, చర్చిలు. దశాబ్దాలుగా రిపబ్లికన్ల కోట. 2012లో అక్కడ రామ్నీకి నూటికి 67 వచ్చాయి. 2020లో ట్రంప్‌కు 60కి లోపు. గెలుపు గెలుపే గాని ఆ ఏడు శాతం ఏడిపిస్తుంది వారిని.

మిల్వాకీ జర్మన్లు కట్టిన ఊరు. బీరు కంపెనీలకు, హార్లీ మోటారు సైకిళ్లకు పేరు. అమెరికాలో ఇది నమ్మడం కష్టం గాని, ఈ ఊరికి ముగ్గురు సోషలిస్టు మేయర్లు పనిచేశారు. మొదటివాడు 1910లో ఎన్నికయ్యాడు, చివరివాడు 1960 దాకా ఉన్నాడు. మురుగు కాలవలు బాగుచేయించడం గురించే ఎక్కువ మాట్లాడేవారని వారికి ‘మురుగు కాలవల సోషలిస్టులు’ అని ఎగతాళి పేరు పెడితే, వారు దాన్ని బిరుదులాగే తీసుకున్నారట. ఈ ఊళ్లోనే 2024 జులైలో రిపబ్లికన్ల మహాసభ జరిగింది. ఉపాధ్యక్ష అభ్యర్థి వాన్స్‌ను సభకు పరిచయం చేసింది ఆయన భార్య ఉష. పుట్టింటి పేరు చిలుకూరి. పూర్వులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు. ఆ సంగతి తెలిసి మన ఊళ్లలో ఎందరో మురిసిపోయారు. విస్కాన్సిన్ తెలుగువాళ్లు మాత్రం, నేను కలిసినంతలో, ఊరిపేరు చూసి ఓటు వేసేవాళ్లలా కనిపించలేదు. అది నాకు నచ్చింది.

మిల్వాకీలో నల్లవారు ఎక్కువ, డెమోక్రాట్లకు పెద్ద బలం. అక్కడ పోటీ రెండు పార్టీల మధ్య కాదు, పోలింగు బూత్‌కూ ఇంటి సోఫాకూ మధ్య. 2012తో పోలిస్తే 2016లో ఆ ఒక్క నగరంలో పోలైన ఓట్లు సుమారు 41 వేలు తగ్గాయి. హిల్లరీ క్లింటన్ రాష్ట్రం మొత్తంలో ఓడింది అందులో సగం పైచిలుకుతో. ఆ ఏడాది అభ్యర్థిగా ఖరారయ్యాక ఆవిడ విస్కాన్సిన్‌లో ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. 2024లో ఆ పొరపాటు ఎవరూ చేయలేదు. నవంబరు 1 రాత్రి ట్రంప్, హారిస్ ఇద్దరూ ఒకే సమయాన మిల్వాకీ ప్రాంతంలో వేర్వేరు సభల్లో ఉన్నారు.

ఇప్పుడు నాకు కనిపించిన సంగతి చెబుతాను. ఈ రాష్ట్రంలో సగం సగంగా ఉన్న ఊళ్లు తక్కువ. డేన్ ఒక పక్కకు ఒరిగింది, వాకెషా రెండో పక్కకు. మెనామినీ తెగవారి కౌంటీలో 2020లో బైడెన్‌కు నూటికి 82. పల్లె కౌంటీలు చాలావాటిలో ట్రంప్‌కు అరవై పైన. ఇవన్నీ కలిపి కూడితే కాటా ముల్లు నడిమధ్యన నిలుస్తుంది. అలాంటప్పుడు దాన్ని కదిపేది ఎవరు? తమ ఊళ్లో ఎప్పుడూ ఓడిపోయేవాళ్లు. 2020లో డేన్ కౌంటీలో ట్రంప్ ఘోరంగా ఓడాడు. అయినా అక్కడ ఆయనకు పడినవి 78,794 ఓట్లు. రాష్ట్రంలోని పల్లె కౌంటీ దేనిలోనూ ఆయనకు అన్ని ఓట్లు రాలేదు, ఆ మాటకొస్తే అన్ని ఓట్లు అక్కడ లేనే లేవు. వాకెషాలో ఓడిన బైడెన్‌కు పడినవి లక్షా నాలుగు వేలకు దగ్గర. రాష్ట్రం మొత్తం మీద ఆయన మెజారిటీకి అది ఐదింతలు. కుక్కను తిప్పుకునే ఆ పెద్దమనిషి తన వీధిలో ఒంటరివాడే. కాని ఆయనా ఆయనలాంటివాళ్లూ మా ఊళ్లో ఎలాగూ గెలవం కదా అని ఇంట్లో కూర్చుంటే రాష్ట్రం వారి చెయ్యి దాటిపోతుంది.

1936లో ఒరిస్సా ఏర్పడి గంజాం అటు కలిసిన నాటినుంచీ మేము ఉన్నచోట తక్కువమందిమే. మన పత్రిక చదివే హోసూరు వారు, బళ్లారి వారు, షోలాపూరు వారు కూడా అంతే. అందువల్లనేమో ఆ లెక్క నా మనసుకు పట్టుకుంది.

నవంబరు 5, మంగళవారం. సెలవు లేదు, జనం పనికి వెళ్లే ముందో వచ్చాకో ఓటు వేయాలి. మా అమ్మాయికి పౌరసత్వం వచ్చాక అది మొదటి అధ్యక్ష ఎన్నిక. ఆ రాష్ట్రంలో ఎవరైనా పోలింగు కేంద్రంలో పేరు రాసిచ్చి, కేటాయించిన చోట కూర్చుని చూడవచ్చు. నేను ఒక గంట కూర్చున్నాను. ఓటరు తన పేరూ చిరునామా పైకి చెప్పాలి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి. కాగితం మీద పెన్నుతో నింపి ఆ కాగితాన్ని లెక్కపెట్టే యంత్రంలోకి తోయాలి. వేలికి సిరా లేదు, ‘నేను ఓటు వేశాను’ అని ఒక బిళ్ల అంటిస్తారు. ఓటర్ల జాబితాలో పేరు లేకపోతే ఏ గొడవా లేదు. ఆ ఊళ్లో ఉంటున్నట్టు కాగితం చూపిస్తే అప్పటికప్పుడు రాసుకుని ఓటు వేయనిస్తారు. 1976 ఎన్నికల నుంచి ఈ పద్ధతి ఉంది. నా ముందు ఒక కుర్రవాడు విద్యార్థి కార్డూ ఇంటి అద్దె కాగితమూ చూపి పది నిమిషాల్లో ఓటరైపోయాడు. మన దగ్గర జాబితాలో పేరు గల్లంతై తిరిగి వెళ్లిపోయే ముసలివాళ్లను తలచుకుంటే కొంచెం అసూయ కలిగింది.

మా అమ్మాయి వాళ్ల వీధిలో తెలుగు కుటుంబాలు ఆరున్నాయి. ఓటున్నవి రెండే. మిగతా నాలుగూ గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నవే. ఒక్కొక్క దేశంవారికి ఏడు శాతం మించి ఇవ్వకూడదన్న నిబంధనవల్ల ఇండియా వరుస ఏళ్ల తరబడి కదలదు. ఒకరి పిల్ల అక్కడికి నాలుగో ఏట వచ్చి హైస్కూలు ముగించబోతోంది. ఇరవయ్యొకటి నిండితే తల్లిదండ్రుల వీసా నీడ ఆమెకు ఉండదు. ఆ ఇంటివారే ఆ రాత్రి అందరికంటే శ్రద్ధగా టీవీ చూశారు. ఎవరు వస్తే తమకు మేలో వారికీ తేలలేదు.

లెక్కింపు రాత్రి మిల్వాకీకి ఒక తంతు ఉంది. ముందుగా, పోస్టు ద్వారా వేసిన ఓట్లను ఎన్నిక రోజు కంటే ముందు లెక్కపెట్టకూడదని చట్టం. మిల్వాకీ నగరం అవన్నీ ఒకేచోట లెక్కపెడుతుంది. అందుకని ఆ ఫలితం అర్ధరాత్రి దాటాక గాని రాదు. 2020లో అప్పటిదాకా వెనకబడ్డ బైడెన్ తెల్లవారుజామున ముందుకొచ్చాడు. చీకట్లో ఏదో జరిగిందన్నారు రెండో పక్షం వారు. ట్రంప్ పక్షం ముప్పై లక్షల డాలర్లు కట్టి డేన్, మిల్వాకీ కౌంటీల్లో మళ్లీ లెక్కపెట్టించింది. బైడెన్‌కే ఇంకో 87 ఓట్లు పెరిగాయి. చివరకు రాష్ట్ర సుప్రీంకోర్టులో తీర్పు 4-3తో వచ్చింది. కోర్టులో కూడా ఒక్క ఓటే తేడా! 2024లో అక్కడ యంత్రాల తలుపులు సరిగా వేయలేదని తేలి, దాదాపు 31 వేల కాగితాలు మొదటినుంచి లెక్కపెట్టారు. అందరూ చూస్తుండగా చేశారు గనుక ఈసారి పెద్దగా రభస కాలేదు.

మేము పడుకున్నాక, తెల్లవారుజామున నాలుగున్నర దాటాక, విస్కాన్సిన్ ట్రంప్‌దని అసోసియేటెడ్ ప్రెస్ ప్రకటించింది. వారి లెక్కలో ఆయన్ను 270 దాటించింది ఈ పది ఓట్లే. విచిత్రమేమిటంటే 2020లో గెలిచిన బైడెన్ కంటే 2024లో ఓడిన హారిస్‌కే విస్కాన్సిన్‌లో ముప్పై ఏడు వేల ఓట్లు ఎక్కువ. ట్రంప్‌కు అంతకంటే ఎక్కువగా పెరిగాయి, ఎనభై ఏడు వేలు. అదే రోజు అదే కాగితం మీద సెనేట్ స్థానానికి డెమోక్రాట్ టామీ బాల్డ్విన్ గెలిచారు. మెజారిటీ ట్రంప్‌దంతే, సుమారు 29 వేలు.

అట్టలు మర్నాడే తీసేశారు. నవంబరు 17న ఎదురింటివారు ఫుట్‌బాల్ ఆట చూడటానికి వీధివారిని పిలిచారు. గ్రీన్‌బే ప్యాకర్స్ అనే ఈ రాష్ట్రపు జట్టుకు ఒక కోటీశ్వరుడు యజమాని కాదు. ఐదు లక్షల పైచిలుకు మామూలు జనం వాటాదారులు. ట్రంప్ అట్ట పెద్దమనిషి కూడా ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని వచ్చాడు. చికాగో వారి చివరి తన్నును అడ్డుకుని ప్యాకర్స్ 20-19తో గెలిచారు. గదిలో అరుపులకు మా ఆవిడ హడలిపోయింది.

మేము బరంపురం వచ్చేశాక, 2025 ఏప్రిల్ 1న, అక్కడ రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి స్థానానికి ఎన్నిక జరిగింది. అవును, అక్కడ న్యాయమూర్తులను కూడా ఓటు వేసే ఎన్నుకుంటారు. దానికి రెండు పక్షాలూ కలిసి పది కోట్ల డాలర్లు దాటి ఖర్చుపెట్టాయి. డెమోక్రాట్లు బలపరచిన సూసన్ క్రాఫర్డ్ పది శాతం తేడాతో గెలిచారు. సాక్ కౌంటీ మళ్లీ ఇటు మారింది. ఐదు నెలల్లో రాష్ట్రమంతా మనసు మార్చుకుందా అని మా అమ్మాయిని ఫోనులో అడిగాను. ‘‘కాదు నాన్నా, పోలైన ఓట్లు చూడు’’ అంది. నవంబరులో 34 లక్షలు, ఏప్రిల్‌లో 24 లక్షల లోపు.